అమీర్‌పేట నేర్వాల్సిన అక్షరాల ఆట

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో నీలగిరి, అన్నపూర్ణ బ్లాకుల గోడల మీద వేలాడే ఫ్లెక్సీలు నాలుగైదేళ్లకోసారి పేర్లు మార్చుకుంటాయి. 2000 సంవత్సరం తేదీ గండానికి ముందు అక్కడ మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ రాజ్యమేలాయి. గండం గడిచాక జావా, ఒరాకిల్ వచ్చాయి. వాటి వెనకే డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, క్లౌడ్, డెవాప్స్ వరస కట్టాయి. ఇప్పుడు ఏ బోర్డు చూసినా డేటా సైన్స్, ఏఐ. నిన్నటి కోర్సు ఇవాళ పాతబడిపోతుందన్న భయమే ఆ వీధి వ్యాపారానికి ఇంధనం. ఆ భయాన్ని కాస్త పక్కనపెట్టి ఈ సంగతి చూడండి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1989లో మొదలైన జెనెసిస్ అనే కంప్యూటర్ ఆట ఇప్పటికీ నడుస్తోంది. 1990లో ఫిన్లాండ్‌లో మొదలైన బ్యాట్‌మడ్, 1991లో మొదలైన డిస్క్‌వరల్డ్ కూడా నడుస్తున్నాయి. ఈ ఆటల్లో ఒక్క బొమ్మ ఉండదు. రాక్షసుడైనా రాజకుమారైనా, కోటైనా కొండచిలువైనా అన్నీ అక్షరాలే. వీటి మీద పెద్ద కంపెనీల పెట్టుబడి లేదు, ప్రకటనలూ లేవు. అయినా మూడు దశాబ్దాలు దాటి బతికాయి. ఎందుకు బతికాయో విచారిస్తే తేలేది ఒక్కటే: ప్రోగ్రాముకు ఆయుష్షు పోసేది అందులోని టెక్నాలజీ కాదు, దాన్ని చూసుకుంటూ తర్వాతివాళ్లకు అప్పగించే మనుషులు. అమీర్‌పేటలో ఏ కోర్సూ చెప్పని పాఠం అది. తెలుగులో అలాంటి ఆట ఒకటి కట్టుకుంటే ఆ పాఠం దానంతటదే వస్తుందని, కట్టడానికి కావలసిన సరుకంతా మన దగ్గరే ఉందని నా వాదన.

ముందు ఆట సంగతి చెప్పుకోవాలి. దీన్ని ఆడేవాళ్లు మడ్ అంటారు, అంటే మల్టీ యూజర్ డంజన్. ఎక్కడెక్కడో కూర్చున్న మనుషులు ఒకే సర్వర్‌కి కనెక్ట్ అవుతారు. తెర మీద నాలుగు వాక్యాలు వస్తాయి: పాడుబడ్డ కోట గుమ్మం, ఒక రెక్క ఊడి నేలమీద పడిన ఇనుప తలుపు, ఉత్తరాన చీకటి మెట్లు, తూర్పున మర్రిచెట్టు, గుమ్మంలో కునికిపాట్లు పడుతున్న ముసలి కాపలావాడు. మీరు ‘ఉత్తరం’ అని టైపు చేస్తే మెట్లెక్కుతారు. ‘కాపలావాణ్ణి లేపు’ అంటే వాడు లేచి మీతో ఏదో అంటాడు. ఈలోగా వరంగల్‌లోనో డల్లాస్‌లోనో కూర్చున్న ఇంకొకరు అదే గుమ్మంలోకి వస్తే వాళ్లు వచ్చారన్న వాక్యం మీ తెర మీద పడుతుంది. ఇద్దరూ మాట్లాడుకోవచ్చు, కలిసి రాక్షసుడి మీదికి పోవచ్చు, ఒకరి కత్తి ఇంకొకరు ఎత్తుకుపోనూవచ్చు. మీరు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా ఆ లోకం ఆగదు. రేపు మీరు వచ్చేసరికి మర్రిచెట్టు కింద ఎవరో కొత్త అంగడి తెరిచి ఉండొచ్చు. ఒంటరిగా ఆడుకునే వీడియో గేముకూ దీనికీ అసలు తేడా ఇదే: ఇక్కడ లోకం ఒకటే, అందరిదీ అదే.

దీని పుట్టుపూర్వోత్తరాలు విశ్వవిద్యాలయాల కంప్యూటర్ గదుల్లో ఉన్నాయి. 1975-76 ప్రాంతంలో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, తాను స్వయంగా దిగి తిరిగిన కెంటకీ గుహల ఆధారంగా ఫోర్ట్రాన్‌లో ఒక అక్షరాల ఆట రాశాడు. తన కూతుళ్లు ఆడుకుంటారని రాసిన ఆ ఆటను తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ పెంచాడు. అది ఒంటరి ఆట. దాన్ని పదిమంది ఆటగా మార్చింది ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాయ్ ట్రబ్‌షా. 1978లో అక్కడి పీడీపీ-10 యంత్రం మీద ఆయన మొదటి మడ్ మొదలుపెట్టాడు. 1980లో చదువు ముగింపుకొచ్చేసరికి ఆ కోడ్‌ను తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ చేతిలో పెట్టాడు. మిగతా ఆటంతా కట్టింది బార్టిల్. విశ్వవిద్యాలయం పగటిపూట ఈ ఆటకు యంత్రాన్ని ఇచ్చేది కాదు, అందుకని బయటివాళ్లు అర్ధరాత్రి దాటాక టెలిఫోన్ లైన్ల మీద వచ్చి ఆడేవారు. 1987లో అమెరికాలో కంప్యుసర్వ్ సంస్థ దాన్ని ‘బ్రిటిష్ లెజెండ్స్’ పేరుతో నడిపి, 1999లో ఆపేసింది. మరుసటి ఏడే ఒక అభిమాని దాన్ని కొత్త యంత్రాల మీదికి మార్చి మళ్లీ నిలబెట్టాడు. మొదలుపెట్టినవాడు ఒకడు, పెంచినవాడు ఇంకొకడు, కంపెనీ వదిలేస్తే ఎత్తుకున్నవాడు మూడోవాడు. ఈ ఆటల చరిత్ర పొడుగునా ఇదే నడక.

ఎసెక్స్‌లో వేసిన విత్తు పదేళ్లలో ఊరూరా మొలిచింది. 1987లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అలన్ కాక్స్ అబర్‌మడ్ రాశాడు. తర్వాత లినక్స్ కెర్నల్‌ను తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడిగా పేరుపడ్డ అలన్ కాక్స్ ఈయనే. 1989లో కార్నెగీ మెలన్‌లో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన టైనీమడ్‌లో యుద్ధాలకంటే ఇళ్లూ తోటలూ కట్టుకోవడమే ప్రధానం. అదే ఏడు స్వీడన్‌లో లార్స్ పెన్‌షో రాసిన ఎల్‌పీమడ్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో బాగా ఆడి పైస్థాయికి చేరినవాడికి మాంత్రికుడి హోదా వస్తుంది. ఆ హోదాతో పాటు, నడుస్తున్న ఆటను ఆపకుండానే అందులో కొత్త గదులు, కొత్త జంతువులు, కొత్త మంత్రాలు రాసే అధికారమూ వస్తుంది. అంటే ఆడినవాడే కట్టేవాడవుతాడు. ఇక కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయంలో అయిదుగురు విద్యార్థులు సీ భాషలో డికూమడ్ రాసి 1991లో కోడ్‌ను అందరికీ ఇచ్చేశారు. ముఖ్యమైన షరతులు రెండు: దీనితో డబ్బు చేసుకోకూడదు, మా పేర్లు తీసేయకూడదు. ఆ కోడ్ నుంచి ప్రపంచమంతటా వందల ఆటలు పుట్టాయి. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే బొమ్మల ఆట డికూను ఎంతగా పోలి ఉందంటే, అందులో ఆ కోడ్ వాడారేమోనని అనుమానం వచ్చి, వాడలేదని ఆ కంపెనీ 2000లో ప్రమాణపత్రం ఇవ్వాల్సి వచ్చింది. కోట్లమంది ఆడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ దారిలోనే 2004లో వచ్చింది. ఇవాళ్టి పెద్ద పెద్ద ఆన్‌లైన్ ఆటలకు వేళ్లు ఈ అక్షరాల ఆటల్లోనే ఉన్నాయి.

మరి మన దగ్గర ఈ సంప్రదాయం ఎందుకు పాతుకోలేదు? పాశ్చాత్య విశ్వవిద్యాలయాలకు అక్షరాల నెట్‌వర్క్ పదిహేనేళ్లకు పైగా దక్కింది. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. విద్యార్థులకు చవకగా ఇచ్చిన షెల్ అకౌంట్లలో బొమ్మలు ఉండేవి కావు, అక్షరాలే. కానీ ఫోను బిల్లు భయంతో గంటలు లెక్కపెట్టుకుంటూ వాడిన ఆ కాలం నాలుగేళ్లు కూడా నిలవలేదు. ఇంటర్నెట్ సెంటర్లు వీధివీధినా వెలిసేసరికి విండోస్, బ్రౌజర్, బొమ్మలు వచ్చేశాయి. ఆ తరం ఆడిన ఆటలు వేరు, నేర్చిన కోర్సులు వేరు. అక్షరాల ఆటను మనం ఆడి వదిలేయలేదు, అసలు దాని గుమ్మమే తొక్కలేదు. కాబట్టి ఇవాళ తెలుగులో మొదలుపెడితే పాత మోజును తవ్వితీసినట్టు కాదు, తప్పిపోయిన తరగతికి ఆలస్యంగా హాజరైనట్టు.

ఆ తరగతిలో ఏముందో లోపలికి వెళ్లి చూద్దాం. డికూమడ్‌లో ప్రతి గదికీ ఒక నంబరు ఉంటుంది. ఆటగాడు మొదట కళ్లు తెరిచే మిడ్‌గార్డ్ ఆలయం నంబరు 3001. ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో నంబరు, గది పేరు, నాలుగు వాక్యాల వర్ణన, ఏ దిక్కుకు పోతే ఏ నంబరు గది వస్తుందో ఆ వివరం, అంతే. అమీర్‌పేట కూడలిని ఒక గది అనుకోండి: ఉత్తరానికి ఎస్సార్ నగర్, తూర్పుకు బేగంపేట, దక్షిణానికి పంజాగుట్ట. పంజాగుట్ట గదిలోకి పోతే నాగార్జున సర్కిల్ వైపు ఒక ద్వారం, నిమ్స్ ఆసుపత్రి వైపు ఒకటి, ఖైరతాబాద్ వైపు ఇంకొకటి. నగరాన్ని ఇలా గదులూ ద్వారాలుగా రాసుకోవడం వారం రోజుల పని, ప్రోగ్రామింగ్ రానివాళ్లూ చేయగలరు. ఇక ఆటలో కాలం నడక చూడండి. డికూలో ఒక గంట మన 75 సెకన్లకు సమానం, అంటే అరగంటకో రోజు తెల్లవారుతుంది. ప్రోగ్రాం సెకనుకు నాలుగుసార్లు అందరి కనెక్షన్లూ చూసి, ఎవరేం టైపు చేశారో తీసుకుని, జవాబులు పంపుతుంది. గదిలో ఉన్న మనుషులంతా ఒక లింక్‌డ్ లిస్ట్. ఆటగాడు ‘పడమర’ అన్నప్పుడు ఏ ఫంక్షన్‌ను పిలవాలో చెప్పే పట్టిక నిండా ఫంక్షన్ పాయింటర్లు. సీ నేర్చుకునే ఫ్రెషర్లు నోట్సులో బాణం గుర్తులు గీసుకుని, ఇంటర్వ్యూ అయ్యేదాకా గుర్తుపెట్టుకుని, ఆనక మరిచిపోయే విషయాలన్నీ ఇక్కడ ప్రాణంతో కదులుతుంటాయి. పాయింటర్ తప్పు రాస్తే పరీక్షలో మార్కు పోతుంది. ఇక్కడైతే ఒక మనిషి ఒకేసారి రెండు గదుల్లో కనిపిస్తాడు, లేదా ఊరు ఊరంతా కుప్పకూలుతుంది.

అమీర్‌పేటను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. జిల్లాల నుంచి, చిన్న కాలేజీల నుంచి వచ్చిన లక్షలాది పిల్లలకు, కార్పొరేట్ ఫీజులు కట్టలేనివాళ్లకు ఆ వీధి ఉద్యోగపు దారి చూపింది. ఎస్సార్ నగర్ హాస్టల్లో మంచం, జిరాక్స్ షాపులో మెటీరియల్, పొద్దున ఏడింటికే బ్యాచ్. ఈ ఏర్పాటుకు సాటి దేశంలో అరుదు. కానీ అక్కడ ‘రియల్‌టైమ్ ప్రాజెక్ట్’ అని పిలిచేది చాలాసార్లు బ్యాచ్‌తో పుట్టి బ్యాచ్‌తో పోయే లైబ్రరీ మేనేజ్‌మెంటో, బ్యాంకింగ్ అప్లికేషనో. దానికి వాడేవాడు ఉండడు. వాడేవాడు లేని ప్రోగ్రాములో తప్పు దొరకదు, తిట్టేవాడు ఉండడు, రాత్రి పన్నెండుకు లేపేవాడు ఉండడు. పాత కోడ్ చదివి అర్థం చేసుకోవడం, ఎవరో రాసిన దాన్ని పాడుచేయకుండా మార్చడం, మార్చినది పదిమందికి చెప్పి ఒప్పించడం కంపెనీలో చేరిన మొదటి రోజు నుంచీ చేయాల్సిన పనులు. డెమో క్లాసులో ఇవి రావు. నిజంగా జనం ఆడే చిన్న అక్షరాల ఆట ఒకటి ఉంటే ఇవన్నీ తప్పనిసరిగా వస్తాయి. అలన్ కాక్స్ లాంటివాళ్లకు ఆ ఆటలే తొలి ప్రయోగశాలలు కావడం యాదృచ్ఛికం కాదు.

ఇందులో మనుషులతో వ్యవహరించే పాఠమూ ఉంది. అమెరికాలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ 1990లో మొదలుపెట్టిన లాంబ్డామూ అనే అక్షరాల లోకంలో 1993లో ఒక ఆటగాడు ఇతరుల పాత్రల మీద లైంగిక దాడిని మాటల్లో చిత్రించి అందరి ముందూ పెట్టాడు. దాని మీద జూలియన్ డిబెల్ రాసిన వ్యాసం సైబర్ చట్టాలు చదివేవాళ్లకు ఇప్పటికీ పాఠమే. ఆ గొడవ తర్వాత అక్కడ విజ్ఞాపనలు, ఓటింగు, మధ్యవర్తిత్వం వచ్చాయి. అలాగని అదొక విజయగాథగా ముగియలేదు. 1996కల్లా నిర్వాహకులు, ఓట్లతో అన్నీ తేలవని ఒప్పుకుని మళ్లీ కొంత అధికారం చేతిలోకి తీసుకున్నారు. అదే ఏడు బార్టిల్ రాసిన వ్యాసం ఆటగాళ్లను నాలుగు రకాలుగా చూసింది: మెట్లెక్కాలనుకునేవాళ్లు, మూలమూలా వెతికేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, పక్కవాణ్ణి ఏడిపించడానికి వచ్చేవాళ్లు. వీళ్లలో ఒక వర్గం పెరిగితే ఇంకో వర్గం ఎలా తరిగిపోతుందో అందులో వివరించాడు. ఇవాళ ప్రతి వాట్సాప్ గ్రూపు అడ్మినూ, ప్రతి అపార్టుమెంటు సంఘమూ పడుతున్న తిప్పలు అవే. వాటిని చిన్న స్థాయిలో, పరువు నష్టం లేకుండా నేర్చుకునే చోటు ఇది.

ఇక కథల సరుకు. ఆటకు కావలసింది దారులున్న కథ, అంటే వినేవాడు ఎటు అడిగితే అటు పోగలిగిన కథ. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన కాశీమజిలీ కథల నిర్మాణమే అది. యతి వెంట కాశీకి బయల్దేరిన పశువుల కాపరి కుర్రవాడు దారిలో కనిపించిన వింత గురించి అడిగితేనే ఆ మజిలీ కథ మొదలవుతుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం సీరియళ్లు లోయలు, దుర్గాలు, శిథిలాల మీదుగా సాగే ప్రయాణాలు, ప్రతి మలుపులోనూ ఒక అడ్డంకి, ఒక ఉపాయం. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. శత్రువును కత్తితో కొట్టి లాభం లేదు, ముందు చిలక ఎక్కడుందో కనిపెట్టాలి. ఏ ఆట రూపకర్తా ఇంతకంటే మంచి చిక్కుముడి వేయలేడు. అమీర్‌పేట హాస్టళ్లలో శ్రీకాకుళం, కడప, ఆదిలాబాద్ పిల్లలు ఒకే గదిలో ఉంటారు. ఆటలోని అంగడివాడు తెలంగాణ మాట మాట్లాడితే, పడవవాడు గోదావరి యాసలో జవాబిస్తే ఖర్చు ఏమీ పెరగదు. బొమ్మల ఆటలో ఒక్కో గొంతుకూ నటుడు, స్టూడియో కావాలి. అక్షరాల్లో ఆ యాస తెలిసిన ఒక మనిషి చాలు.

‘తెలుగులో ఇది సాంకేతికంగా కుదరదు’ అనేవాళ్లు ఉంటారు. కుదరదన్న మాట తప్పు. కష్టమన్నది మాత్రం నిజమే, చదువున్నది ఆ కష్టంలోనే. ఇంగ్లిషు ఆటలో ప్రోగ్రాం మొదటి మాటను క్రియగా పట్టుకుంటుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘మాంత్రికుడికి తాయెత్తు ఇవ్వు’ అన్నా, ‘తాయెత్తు మాంత్రికుడికి ఇవ్వు’ అన్నా అర్థం ఒకటే కనుక, మాటల వరసను కాక విభక్తిని చూసి ఎవరికి ఏమిటో తేల్చుకోవాలి. ‘పెట్టెలోంచి’, ‘పెట్టె మీద’, ‘పెట్టెకి’ అన్నప్పుడల్లా అది అదే పెట్టె అని గుర్తించాలి. అంతకంటే చిక్కు జవాబుల్లో ఉంది. ఇంగ్లిషు మడ్‌లో గదిలోకి ఎవరు వచ్చినా పేరు మార్చి ఒకే వాక్యం చూపిస్తే సరిపోతుంది. మనకు వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని మూడు ఉన్నాయి. ఏది వాడాలో వచ్చినవారిని బట్టే కాదు, చూస్తున్నవారిని బట్టి కూడా మారుతుంది. సేనాపతి లోపలికి వస్తే భటుడి తెర మీద ‘సేనాపతిగారు వచ్చారు’ అని పడాలి, రాజు తెర మీద ‘సేనాపతి వచ్చాడు’ అని పడాలి. దీనికి కావలసిన పునాది డికూ కోడ్‌లోనే ఉంది. అందులో యాక్ట్ అనే ఫంక్షన్ ఒకే సంఘటనను చేసినవాడికి ఒక వాక్యంగా, చేయించుకున్నవాడికి ఇంకో వాక్యంగా, చూస్తున్నవాళ్లకు మరో వాక్యంగా పంపుతుంది. దాన్ని మన మర్యాదల దాకా పొడిగించాలి. ఇలాంటి పని చేసిన కుర్రవాడు భాషా సాంకేతికత గురించి ఏ ఇంటర్వ్యూలోనైనా పదినిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలడు.

లిపి సంగతీ అంతే. పాత టెర్మినల్ తెరలు ప్రతి అక్షరాన్నీ సమానమైన గడిలో కూర్చోబెడతాయి, మన ఒత్తులూ గుణింతాలూ వాటిలో చెదిరిపోతాయి. అందుకని టెర్మినల్ మానేసి బ్రౌజర్‌లో ఆడించాలి. పైథాన్‌లో రాసిన ఎవెన్నియా అనే ఉచిత సాధనం యూనికోడ్‌నూ, బ్రౌజర్ తెరనూ మొదటి నుంచే అందిస్తోంది. టైపింగు రాదనే సాకూ చెల్లదు. యూనికోడ్ చేతికి రాకముందే, 1990లలో అమెరికాలోని తెలుగువాళ్లు రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకుని సాహిత్య చర్చలు చేశారు. తర్వాత వచ్చిన లేఖిని ఆ ఒరవడిలోనిదే. ఇప్పుడు ఫోనులో మాట్లాడితేనే అక్షరాలు పడుతున్నాయి. పైగా అక్షరాలే ఉన్న ఆట చూపులేనివాళ్లకు తలుపు తెరుస్తుంది. ఇంగ్లిషులో ఆల్టర్ ఎయాన్ అనే మడ్‌కు అంధులైన ఆటగాళ్లలో మంచి ఆదరణ ఉంది, స్క్రీన్ రీడర్ తెరను చదివి వినిపిస్తే అందరితో సమానంగా ఆడతారు. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌లోని ఈస్పీక్ గొంతు తెలుగూ చదువుతుంది. అమీర్‌పేటకు పక్కనే బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది. ఆ పిల్లలు స్నేహితులతో సమానంగా పోటీపడే ఆన్‌లైన్ ఆట మార్కెట్లో ఏదో చెప్పమంటే జవాబు దొరకడం కష్టం.

‘రీల్స్ చూసే కాలంలో ఎవడు చదువుతాడు?’ అన్న ప్రశ్నకు బరువుంది. కోట్లమంది రారు. రావాల్సిన పనీ లేదు. బొమ్మల ఆటకు లక్షలమంది రాకపోతే కంపెనీ మూసేస్తుంది, ఎందుకంటే దాని ఖర్చు అంత. గది వర్ణనకు అయిదువందల అక్షరాలు పడితే, యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షర చిహ్నానికి మూడు బైట్ల లెక్కన ఒకటిన్నర కిలోబైట్లు. ఫోనుతో తీసిన మూడు మెగాబైట్ల ఫోటో ఒక్కటి పట్టే చోట రెండు వేల గదుల రాజ్యం పడుతుంది. పాత ల్యాప్‌టాప్ మీద నడిచే ఆటకు సాయంత్రానికి యాభైమంది వస్తే అది నిండిన ఊరే. అదీకాక, మన యువత చదవడం మానలేదు. రోజూ గంటల తరబడి చాటింగులో చదువుతూ రాస్తూనే ఉన్నారు. వాళ్లకు కరువైంది తెలుగులో, తెలుగు లిపిలో రాయడానికి ఒక సరదా కారణం.

తల్లిదండ్రుల అభ్యంతరం వేరు. ఆన్‌లైన్ ఆట అనగానే వాళ్లకు గుర్తొచ్చేది రమ్మీ అప్పులు. ఆ భయం ఊరికే రాలేదు. 2017లో తెలంగాణ చట్టం సవరించి డబ్బు పందేల ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మడ్‌లో పందెం లేదు, గెలిచినా పోయినా జేబు కదలదు. కానీ కాలం పోతుంది, అది ఒప్పుకోవాలి. తొలినాళ్లలో ఈ ఆటల్లో పడి చదువు పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు, కొన్ని విశ్వవిద్యాలయాలు తమ కంప్యూటర్ల మీద వీటిని నిషేధించాయి కూడా. దీనికి విరుగుడు ఆట రాసేవాళ్ల చేతిలోనే ఉంటుంది. రోజుకు ఇంతసేపు అని హద్దు పెట్టడం, రాని రోజుకు శిక్ష వేయకపోవడం నాలుగు లైన్ల కోడ్. ప్రకటనల ఆదాయం మీద బతికే యాప్ ఆ నాలుగు లైన్లు రాయదు, రాస్తే దాని పొట్ట గడవదు. ఆడేవాళ్లే యజమానులైన చోట రాయొచ్చు.

‘ఇప్పుడు ఏఐ ఉంది కదా, అడిగితే కథ అదే అల్లుతుంది’ అనేది కొత్త అభ్యంతరం. 2019లో వచ్చిన ఏఐ డంజన్ నుంచి అలాంటి ప్రయత్నాలు చాలా జరిగాయి. యంత్రం మీ ఒక్కరికోసం అల్లిన కథలో, నిన్న మీరు విరగ్గొట్టిన తలుపు ఇవాళ మళ్లీ నిలబడి ఉండొచ్చు, దాన్ని ఇంకెవరూ చూసి ఉండరు. మడ్‌లో తలుపు విరిగితే అందరికీ విరుగుతుంది, బాగుచేసేదాకా విరిగే ఉంటుంది. ఆ నమ్మకం ఉంటేనే మనుషులు అక్కడ పేరు సంపాదించుకోవడానికి, మాట నిలబెట్టుకోవడానికి ప్రయత్నిస్తారు. గది వర్ణనలకు ముసాయిదా రాయడానికో, తప్పులు వెతకడానికో ఏఐని వాడుకోవచ్చు. ఊరిని ఊరుగా నిలబెట్టే పని మాత్రం ఊరివాళ్లదే.

చివరిది, అన్నిటికంటే గట్టి అభ్యంతరం: బతికిన నాలుగు ఆటల పేర్లు చెప్పి చచ్చిన వందల ఆటలను దాచేస్తున్నారని. నిజమే, ఎక్కువ మడ్‌లు మొదలుపెట్టిన విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోగానే, విశ్వవిద్యాలయం యంత్రం మార్చగానే పోయాయి. కొన్ని నిర్వాహకుల కీచులాటల్లో పోయాయి. బతికినవాటికి దారులు కూడా ఒక్కటి కావు. 1997లో మొదలైన అకేయా ఉచితంగా ఆడనిచ్చి, ఆటలోని సౌకర్యాలు అమ్ముకుని నిలబడింది. జెమ్‌స్టోన్ నెలసరి చందాతో నిలబడింది. డిస్క్‌వరల్డ్ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లతో నిలబడింది. కానీ ఏ దారిలో బతికినదైనా సరే, పనిని ఒక్క మనిషికి కట్టేయకుండా తర్వాతి చేతులకు అందించగలిగింది. చచ్చినవాటి చరిత్ర నా వాదనను కొట్టేయదు, బలపరుస్తుంది. వాటిలో లోపించింది టెక్నాలజీ కాదు, అప్పగింత.

బ్యాచ్ తర్వాత బ్యాచ్ వచ్చిపోయే అమీర్‌పేటకు ఈ పాఠం అతికినట్టు సరిపోతుంది. మనుషులు మూడు నెలలకు మారిపోవడం ఇప్పటిదాకా ఆ వీధి బలహీనత. అప్పగింత నేర్చుకుంటే అదే బలం, ఏటా నాలుగుసార్లు కొత్త చేతులు దొరికే చోటు ఇంకెక్కడుంది? ఒక ఇన్‌స్టిట్యూటో, కాలేజీ క్లబ్బో, పంజాగుట్టలో ఒక గదిలో చేరే పదిమంది మిత్రులో దీన్ని మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టేవాళ్లు ఏ భాషలో కోడ్ రాయాలి, ఏ కథ తీసుకోవాలి అని నెలల తరబడి వాదించుకోనక్కర్లేదు, అవి ఎలాగూ మారతాయి. మొదటి ఫైలులో మూడు నియమాలు రాసి పెట్టుకుంటే చాలు: కోడ్ అందరిదీ, పనిచేసిన ప్రతివారి పేరూ చెరగకుండా ఉంటుంది, ఊరు వదిలి వెళ్లేవారు తమ చోట ఇంకొకరిని తయారుచేసి మరీ వెళ్లాలి. ఎసెక్స్‌లో ట్రబ్‌షా బార్టిల్‌కు చేసింది ఆ మూడోదే. నలభై ఏళ్లకు పైబడిన ఈ చరిత్రలో మిగతావన్నీ దాని మీద కట్టుకున్న మేడలు.